పోలమ్మత్త విదేశాంగ విధానం

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను రెండు అగ్రరాజ్యాలకు అబద్ధం చెప్పాను, అదీ ఒకే ఉదయం.

మా సముద్రం మీద పట్టు కోసం కొట్టుకునే ఆ రెండు దేశాలూ రేవులో ఇంటింటికీ చెరో మాట్లాడే పెట్టె ఇచ్చాయి. పడవ ఎక్కడుందో అవే చెబుతాయి. ఆ రోజు తుఫాను వస్తుంటే పోలమ్మత్త మొగుడు ఎర్రయ్య మామ పడవ జాడ లేదు.

"అవతలి పెట్టె తీసేస్తే వెతుకుతాం" అంది తెల్ల పెట్టె. నల్లదీ అదే మాట.

కంగారులో ఒకదాని తీగ పీకబోయాను. పోలమ్మత్త నా చేతి మీద ఒక్కటేసింది.

"ఒలే, ఇద్దరు బేరగాళ్లుంటే ఒకడిని తరిమేత్తావేటి? రేపు మిగిలినోడు చెప్పిందే రేటు! ఎతకడానికి ఆడు బయల్దేరిపోనాడని ఈడికి చెప్పు, ఈడు బయల్దేరిపోనాడని ఆడికి చెప్పు."

ఆవిడ రేవులో చేపలమ్మేది అలాగే. నేనూ అలాగే చెప్పాను. పది నిమిషాల్లో రెండూ పోటీపడి మామని కనిపెట్టాయి. రెండు దేశాల ఓడలు చెరో పక్కా కాపలా కాస్తూ ఒడ్డుకు తెచ్చాయి.

"నా పెళ్లికి కూడా ఇంత ఊరేగింపు నేదు" అన్నాడు మామ, వణుకుతూనే.

ముందు కనిపెట్టింది ఎవరని ఇప్పుడు రెండు పెట్టెలూ రోజూ అడుగుతున్నాయి. అత్త రెండింటికీ "నువ్వే నాయనా" అంటోంది. మీ ఇంట్లో పెట్టెలకి మీరేం చెప్పి నెట్టుకొస్తున్నారు? నాకు రాయండి, అత్తకి చదివి వినిపిస్తాను.