పిల్లలూ అనాలె

"బిడ్డా అనొద్దు. పిల్లలూ అనాలె."

వెనక బెంచీ మీద కూచున్న కమలాకర్ సారు పాఠాన్ని మధ్యలోనే ఆపేశాడు. బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని నిలబడ్డ కోమల నాలిక కరుచుకుంది.

"అలవాటైపోయింది సార్. నోటికి అదే వస్తది."

"ఇంట్ల ఎట్లనన్న పిలువు. గీడ నువ్వు టీచర్‌వి. మళ్ల మొదలువెట్టు."

కోమల కొంగు సర్దుకుని, గొంతు సవరించుకుని, పిల్లలూ అంటూ మళ్లీ మొదలుపెట్టింది.

నిన్నమొన్నటిదాకా ఆమె మోత్కూర్‌లో జాకెట్లు కుట్టేది. భర్త ప్రేమ్‌సాగర్ మస్కట్‌లో కరెంటు పని చేస్తాడు. అక్కడ ఒక్కరి జీతంతో సంసారం సాగదు. ట్రైనింగు సర్టిఫికెట్ ఉంటే చిన్నపిల్లల స్కూల్లో ఉద్యోగం ఇస్తామని అక్కడివాళ్లు మాటిచ్చారు. అందుకని కోమల దూరవిద్యలో టీచర్ ట్రైనింగులో చేరింది. పుస్తకాలు పోస్టులో వచ్చాయి, పాఠాలు ఫోన్లో విన్నది. ఇక మిగిలింది ఒక బడిలో పాఠాలు చెప్పి చూపించడం, బాగా చెప్పిందని హెడ్మాస్టరు చేత సంతకం పెట్టించుకోవడం. తను ఉండే పల్లెలో ఉన్నది ఈ ఒక్క సర్కారు బడే. అందులో హెడ్మాస్టరూ, టీచరూ, గంట కొట్టే మనిషీ అన్నీ కమలాకర్ సారే.

ఆ సంతకం దగ్గరే బండి ఆగిపోయింది. ఒకరోజు అక్షరాలు కిందికి జారుతున్నాయన్నాడు. ఇంకోరోజు గొంతు వెనక బెంచీ దాకా రావడం లేదన్నాడు. మరోరోజు ఏ వంకా దొరక్క, పాఠం మరీ తొందరగా అయిపోయిందన్నాడు. మనిషి చెడ్డవాడేం కాదు. వంకలు వెతకడంలో కాస్త చెయ్యి తిరిగినవాడు, అంతే.

నిజానికి కోమల ఎప్పుడో నేర్చేసుకుంది. చింతగింజలతో కూడికలు చెప్పేది. వాన పాఠం వస్తే బల్ల మీద వేళ్లతో టపటపమని వాన కురిపించేది. ఏ ప్రశ్న అడిగినా గ్రేస్ చటుక్కున లేచి జవాబు చెప్పేది. పొద్దున ప్రతిజ్ఞ చెప్పించేదీ గ్రేసే. ఎదురుగా వరసలో నిలబడి సారూ, కోమలా గట్టిగా అందుకునేవారు.

"ప్రతిసారి ఒక్కరినే అడగొద్దని పుస్తకంల రాసుంది సార్," అంది కోమల ఒకసారి, నవ్వాపుకుంటూ.

"పుస్తకాలు రాసేటోళ్లకేం, ఎన్నన్న రాస్తరు," అన్నాడు సారు. ఆయనకు నవ్వు రాలేదు.

బడికి మధ్యాహ్నం వంట చేసే బిక్షమ్మ తన ఇంట్లోనే వండి, అన్నమూ పప్పూ గిన్నెల్లో పెట్టుకొచ్చేది. ఆమెకు కోమలను చూస్తే జాలి.

"గామెను గట్ల సతాయిస్తరేంది సార్? సంతకం బెట్టి పంపరాదుండ్రి. మొగడు ఆడ, పెండ్లాం ఈడ."

"పెడ్త తీ బిక్షమ్మా. గంత తొందరేంది?"

"మీరు గిట్ల పట్టుకుంటె పోయేటోళ్లు ఆగుతరా సార్," అని ఆమె గిన్నె మూత తీసింది.

భార్య పోయిన దగ్గర్నించీ సారు ఆలేరులో కిరాయి గదిలో ఒక్కడే ఉంటున్నాడు. సాయంత్రం తాళం తీసుకుని లోపలికి పోతే పలకరించే దిక్కు లేదు. ఆదివారం వస్తోందంటే భయం. ఆయనకు మనుషుల చప్పుడు వినబడేది బడిలోనే. కోమల వచ్చాక ఆ చప్పుడు రెట్టింపయింది. పాఠం, సందేహం, నవ్వు, మళ్లీ పాఠం. దాని కోసమే పొద్దున మొదటి బస్సు పట్టుకునేవాడు. అది పోతుందని తలుచుకుంటే ఆయన ప్రాణం ఉసూరుమనేది.

చివరికి ఒకనాడు కోమల ఆయన బల్ల ముందు నిలబడి ఏడ్చేసింది.

"వీసా వచ్చింది సార్. ఆ స్కూలోళ్లు ఇంక ఆగరట. ఆయన ఆడ ఒక్కడే వండుకొని ఒక్కడే తింటున్నడు. ఫోన్ జేస్తె ఏం గూర వండిన్నో చెప్పుడే తప్ప ఇంకో ముచ్చట లేదు. నాకు పాఠం చెప్పరాదా సార్? రాదంటే రాదని జెప్పుండ్రి, మళ్ల మిషను కుట్టుకుంట."

ఒక్కడే వండుకుని ఒక్కడే తినడమంటే ఏమిటో సారుకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"నాకంటె మంచిగ చెప్తవు. కని నువ్వు పోతే బడి పోతది కోమలా. గదే నా ఫికరు."

"ఎరుకే సార్," అందామె తల వంచుకుని. "నేనేం జెయ్యాలె?"

ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. కలం తీసి సంతకం పెట్టాడు. కింద 'చాలా బాగా చెబుతుంది' అని అడక్కుండానే రాశాడు.

వెళ్లే రోజు పొద్దున కారు బడి ముందు ఆగింది. కోమల దిగొచ్చి రెండు చేతులూ జోడించింది.

"పోయొస్త సార్. మీ పానం పైలం."

"నువ్వు గూడ పైలం. పోంగనే ఫోన్ జెయ్యి."

కారు కదిలి, పత్తి మిల్లు దగ్గర మలుపు తిరిగేదాకా ఆయన గేటు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. లోపలికి వచ్చి, అలవాటుగా గంట కొట్టబోయి చెయ్యి దించేశాడు.

తల్లి కోమల ఒడిలో కూచుని ఇప్పుడే కారులో వెళ్లిపోయిన గ్రేస్ తప్ప, ఆ బడిలో చదివే పిల్లలు ఇంకెవరూ లేరు.