సిగ్గుండాలె

కొత్త వైఫై డబ్బా పెట్టించిన మూడో రోజు కూడా మధ్యాహ్నం రెండింటికి నెట్ పోయింది.

శ్రీవాణి చెవులకున్న హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పడేసింది.

హైదరాబాదులో ఒక కంపెనీకి వచ్చే ఫోన్లకు, భువనగిరిలో తన ఇంట్లో కూర్చుని జవాబు చెప్పడం ఆమె ఉద్యోగం. పదకొండు నుంచి ఐదు దాకా. ఇంకొక్కసారి లైన్ తెగితే పని వేరేవాళ్లకు ఇస్తామని మేనేజర్ ఖరాఖండిగా చెప్పాడు.

డబ్బాను ఆపి మళ్లీ వేసింది. ఫ్రిజ్ మీద నుంచి కిటికీలోకి మార్చింది. దుమ్ము పడకుండా అత్త లీలమ్మ కప్పిన లేసు గుడ్డను తీసి అవతల పెట్టింది. ఎర్ర లైటు ఎర్రగానే ఉంది.

"గీ తిప్పలన్ని ఎందుకు వాణీ? కొలువు ఇడిసిపెట్టరాదు," అంది లీలమ్మ.

"ఇడువ అత్తమ్మా. గా డబ్బన్న ఉండాలె, నేనన్న ఉండాలె."

లైన్లు చూసే రియాజ్ వచ్చాడు. స్తంభం ఎక్కి దిగాడు.

"డబ్బా మంచిగనే ఉందక్కా. గుట్ట మీదనుంచి కోతులు దిగి, వైరు పట్టుకొని ఊగుతున్నయ్."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు కోతుల మీద పెడుతున్నవా? నేను ఒక్క కోతిని చూడలే."

తలుపులు బిగించుకుని, చెవులు మూసుకుని పనిచేసే మనిషికి కోతులెలా కనిపిస్తాయి? ఆ మాట రియాజ్ పైకి అనలేదు.

"ఇంకోసారి గిట్లయితే నా కొలువు పోతది తమ్మీ. జర యాదికుంచుకో."

"యాదికుంటదక్కా," అని వైరు అతికించి వెళ్లాడు.

మర్నాడు పనికి కూర్చునే ముందు కిటికీ మూయబోతే ఎదురుగా, తాళం వేసి ఉన్న ఇంటి అరుగు మీద ఒక ముసలాయన కనిపించాడు. గళ్ల లుంగీ, భుజాన తువ్వాల, పక్కన చేతికర్ర, గుప్పిట్లో ఫోను. ఈ గల్లీ మనిషి కాదు. కాసేపు ఫోను చూస్తాడు, కాసేపు ఈ ఇంటివైపు తలెత్తుతాడు.

దొంగ దొరికాడనుకుంది శ్రీవాణి. ఇన్నాళ్లూ ఏ చాటు నుంచి తన నెట్ వాడుకున్నాడో, ఇవాళ బయటపడ్డాడు.

వెంటనే పాస్‌వర్డ్ మార్చింది. అయినా కోపం తీరలేదు. వైఫై పేరు కూడా మార్చింది. ఫోను తెరిచినప్పుడల్లా ముసలాయనకు అదే కనిపించాలని 'సిగ్గుండాలె' అని పెట్టింది.

ఆ రోజు నెట్ పోలేదు. మర్నాడూ పోలేదు. పది రోజులు ఏ అడ్డూ లేకుండా నడిచింది.

"చూసినవా అత్తమ్మా, దొంగకు ఎట్ల తాళం ఏసిన్నో," అని మురిసిపోయింది.

ముసలాయన మాత్రం రావడం మానలేదు. పదకొండుకు వస్తాడు, ఐదు కాగానే లేచి పోతాడు. తాళం మార్చినా గడప వదలని దొంగను ఆమె ఇంతవరకు చూడలేదు. పదకొండో రోజు ఇక ఆగలేక గేటు తీసుకుని వెళ్లింది.

"ఏం పెద్దాయనా, రోజు మా ఇంటి దిక్కు ఏం చూస్తున్నవ్?"

"ఇంటి దిక్కు కాదు బిడ్డా. వైరు దిక్కు."

"ఒప్పుకుంటున్నవ్ గద. మంది వైఫై దొంగతనం చేసుడు తప్పు గాదా?"

ముసలాయన కర్ర ఊతంగా లేచాడు.

"నేను దొంగనా?"

"కాకుంటే గీడ నీకేం పని? చెప్పు."

"దొంగ అన్నోళ్లకు జవాబు చెప్పే అలవాటు నాకు లేదు."

తువ్వాల దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

మర్నాడు రెండింటికి ఎర్ర లైటు వెలిగింది. కస్టమర్ మాట సగంలో తెగిపోయింది. మూడింటికి మేనేజర్ నుంచి మెసేజ్ వచ్చింది. రేపటి నుంచి ఆమె అవసరం లేదట.

"ఇగనన్న ఇంటి పట్టున ఉండు," అంది లీలమ్మ.

"గిదొక్కటే కొలువా అత్తమ్మా? ఇంకోటి ఎతుక్కుంట."

కళ్లు తుడుచుకుని రియాజ్‌కు ఫోను చేసింది.

రియాజ్ స్తంభం దిగి, తెగిన వైరు ముక్కను ఆమె చేతిలో పెట్టాడు. దాని నిండా పంటిగాట్లు.

"కోతులే అక్కా."

ఈసారి మద్దెల సామెత ఆమె నోటికి రాలేదు.

"పది దినాలు రాని కోతులు గియ్యాల్నే ఎందుకొచ్చినయ్?"

రియాజ్ ఖాళీ అరుగు వైపు చూశాడు. లైన్ కలిసిందో లేదో చూడ్డానికి తన ఫోను తెరిచి, అందులో కనిపించిన పేరు దగ్గర ఆగాడు.

"సిగ్గుండాలె. ఎవరికక్కా ఇది?"

"గా అరుగు మీద కూసునే ముసలాయనకు. మన వైఫై ఎత్తుకపోతుండె. నిన్న దొంగ అని ఎల్లగొట్టిన."

రియాజ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. పనిముట్లు ఒక్కొక్కటే సంచిలో వేసుకున్నాడు.

"ఆయనకు చదువు రాదక్కా. ఆయనది బటన్ల ఫోన్. దాంట్ల వైఫై రాదు."

"మరి మాటిమాటికి ఫోన్ల ఏం చూస్తుండె?"

"టైం. నీ డ్యూటీ ఐదింటిదాంక గద."

శ్రీవాణి చేతిలోని వైరు ముక్క వైపు చూసింది.

"కోతులను కొట్టనీకె కూసున్నడా? ఎవరు పెట్టిన్రు?"

"ఎవ్వరు పెట్టలే. నీ కొలువు సంగతి చెప్తే, ఆడబిడ్డ బతుకు కోతుల పాలు గావొద్దని ఆయనే కట్టె పట్టుకొని వచ్చిండు."

"ఆయన ఇల్లు ఏడనో చెప్పు తమ్మీ. నేనే పోయి తోల్కొస్త."

రియాజ్ బండి స్టార్ట్ చేశాడు.

"నువ్వొచ్చి పిలిచినా రాడక్కా. దొంగ అన్న గల్లీల మా నాయిన మల్ల అడుగు పెట్టడు."