ఆకు రాలని చెట్టు

“ఏది నాటమంటావు తల్లీ?” రెండు మొక్కల్ని గేటు ముందు దింపి అడిగాడు మొక్కలాయన.

లిపువోకి బట్టల ఫ్యాక్టరీకి టైమైపోతోంది. రెండు మొక్కలూ ఆమె కంటికి ఒక్కలాగే ఉన్నాయి.

“తేడా ఏంటయ్యా?”

“ఇది ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. గోడ కట్టినట్టే. కాకపోతే చలికాలంలో ఎండపొడ కూడా వాకిట్లోకి రానివ్వదు. అదేమో ఆకు రాలుస్తుంది. ఎండాకాలం నీడ, చలికాలం ఎండ. మన మసేరు ఊరి చలికి అదే మంచిది.”

“ఎండ ఎవరిక్కావాలయ్యా? నాకు అడ్డం కావాలి. ఆకు రాలనిదే నాటు.”

ఆయన వాకిట్లోకి చూశాడు. అక్కడ కుర్చీలో కూర్చున్న లిపువో తల్లి, కప్పిన కంబళి తీసి అవతల పారేసి, పెళ్ళిపాట ఏదో పాడుకుంటోంది.

ఆ తల్లికి మతి పోయి చాన్నాళ్ళయింది. కన్న కూతుర్నే ‘మొసెలే’ అని, ఎప్పుడో చచ్చిపోయిన తన చెల్లెలి పేరుతో పిలుస్తుంది. ఒంటిమీద గుడ్డ నిలవనివ్వదు. ఇంట్లో కూర్చోబెడితే తలుపులు బాది నానా యాగీ చేస్తుంది.

ఇంటికి ఎదురుగా టాక్సీ స్టాపు. అక్కడ నిలబడ్డ జనానికి పొద్దస్తమానం ఇదో వినోదం. పిల్లలైతే కంచె పట్టుకుని మరీ నవ్వుతారు.

లిపువోకి ఈ లోకంలో ఉన్నది ఆ తల్లి ఒక్కతే. ఆమె నలుగురి నోళ్ళలో నానడం చూడలేకపోతోంది.

“నీ ఇష్టం తల్లీ,” అన్నాడు ఆయన.

సాయంత్రం వచ్చేసరికి కంచె పొడుగునా మనిషెత్తు మొక్కలు వరసగా నిలబడి ఉన్నాయి. వానలు పడ్డాక గుబురుగా అల్లుకున్నాయి. వీధిలోంచి చూస్తే ఆకులే తప్ప మనిషి కనపడలేదు. హమ్మయ్య అనుకుంది లిపువో.

మే నెలతో అక్కడ చలికాలం మొదలైంది. ఒక్కో ఆకూ పసుపు తిరిగింది. జూన్‌కల్లా పుల్లలు మిగిలాయి.

ఓ రోజు ఫ్యాక్టరీలో కరెంటు పోయి మధ్యాహ్నమే ఇంటికొచ్చింది లిపువో. బోడి కొమ్మల మధ్య నుంచి వాకిలంతా వీధిలోకి కనపడుతోంది. తల్లి ఎండలో కూర్చుని ఉంది. చిత్రంగా ఆ పూట కంబళి ఒంటిమీదే ఉంది, పాటా లేదు, గోలా లేదు. కళ్ళప్పగించి వీధివైపే చూస్తోంది.

స్టాపు పక్కన పిట్టగోడ మీద మొక్కలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా ఇటే చూస్తున్నాడు.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే. లిపువోకి ఒళ్ళు మండిపోయింది. విసవిసా రోడ్డు దాటింది.

“నేనేం చెప్పాను, నువ్వేం నాటావు?”

ఆయన గబుక్కున లేచాడు.

“ఆమెకి కాస్త ఎండ తగలాలి తల్లీ. ఈ చలికి...”

“ఆమెకి ఎండా, నీ కళ్ళకి పండగా? అడ్డం లేకుండా చేసుకుని రోజూ వచ్చి కూర్చుంటున్నావన్నమాట.”

స్టాపులో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన తల వంచుకున్నాడు.

“ఒక్క చలికాలం పోనివ్వమ్మా. ఒక్కటే అడుగుతున్నా. ఆ తర్వాత ఇవి పీకించి నువ్వడిగినవే నాటిస్తాను.”

“ఇంకా నిన్ను నమ్మాలా? ఇంత మోసం చేసినవాడివి. నెత్తి నెరిసింది, సిగ్గన్నా ఉండక్కర్లా? మా అమ్మ మొహం చూడ్డానికి నువ్వెవడివసలు?”

ఆయన ఏదో చెప్పబోయాడు. వాకిట్లో కూర్చున్న మనిషివైపు ఓసారి చూసి ఊరుకున్నాడు.

“తప్పయిపోయింది తల్లీ,” అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ ఆ వీధిలో కనపడలేదు.

ఆ మర్నాటి నుంచి తల్లి కంబళి తీసి పారేయడం, ముద్ద ముట్టకపోవడం. లిపువో కంచెకి గోనెపట్టాలు కట్టింది. తల్లి వాటిని లాగి చింపేసింది. అంతా ఆ ముసలోడి పుణ్యమే అని రోజూ తిట్టుకునేది లిపువో.

ఆగస్టు చివర్లో గేటు ముందు బండి ఆగింది. నిండా పచ్చటి మొక్కలు. బండివాడు దిగి నమస్కారం పెట్టాడు.

“మా పెద్దాయన పంపించాడక్కా. ఇవి ఆకు రాలనివే. పాతవి తీసేసి వీటిని నాటి రమ్మన్నాడు.”

“తనే వచ్చి ఆ ముక్క చెప్పలేడా?”

“పోయిన శనివారం మట్టి చేశాం అక్కా. ఊపిరితిత్తుల జబ్బు. ఈ చలికాలం దాటనని ఆయనకి ముందే తెలుసు.”

లిపువో గేటు తీసింది. ఎంత మోసగాడైనా, చచ్చిపోయేవాణ్ణి నడివీధిలో అన్ని మాటలంది. పలుగు తీసుకొమ్మని బండివాడికి సైగ చేసి, సంకటి గిన్నెతో తల్లి దగ్గర కూర్చుంది.

తల్లి ముద్ద తీసుకోలేదు. పెళ్ళగిస్తున్న చెట్లవైపు చూస్తోంది.

“మొసెలే, అవెందుకు పీకుతున్నారే? ఆ గోడ మీద కూర్చునే ఆయన ఏడీ?”

“పోయాడమ్మా.”

“మళ్ళీ పోయాడా?” తల్లి నిట్టూర్చింది. “నా మీద అలిగాడేమో. ఎండలో కూర్చుంటే ఎంత బాగా కనపడేవాడో.”

లిపువో గిన్నె కింద పెట్టింది.

“ఎవరమ్మా ఆయన?”

తల్లి అటూ ఇటూ చూసి, ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని, చెవిలో గుసగుసగా చెప్పింది.

“నీకు తెలీనిదేముందే చెల్లీ, కానీ మా లిపువో చెవిన మాత్రం వెయ్యకు, వాళ్ళ నాన్న అది పుట్టకముందే గనిలో పడి చచ్చిపోయాడని చెప్పి పెంచాను.”