రేపు బంద్

భీమశంకరం బజారు నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే గడపలో నిలబడ్డాడు.

"రేపు బంద్ అంట," అన్నాడు.

బ్యాగు సర్దుకుంటున్న దుర్గాభవాని చేతులు ఆగిపోయాయి. రేపు మధ్యాహ్నమే జగదల్‌పూర్‌లో ఆమెకు యూనివర్సిటీ ప్రవేశపరీక్ష. తెల్లవారకముందే ఇక్కడ మరైగూడలో లక్ష్మణ్ జీపెక్కి, కోంటా వెళ్ళి బస్సు పట్టుకుంటే తప్ప అందుకోలేని దూరం.

ఈ అడవి వైపు మావోయిస్టుల బంద్ అన్న మాట వినబడితే ఎవరు చెప్పారని అడిగేవాళ్ళుండరు. అడిగితే లేనిపోని తంటా. ఈమధ్య బంద్‌లు తగ్గి జనం కాస్త ఊపిరి పీల్చుకుంటున్న మాట నిజమే. కానీ ఏళ్ళ తరబడి ఒంట్లో ఇంకిన భయం అంత తేలిగ్గా వదులుతుందా? మాట చెవిన పడితే చాలు, షాపులు మూసేస్తారు. బస్సులు కదలవు. అంతే.

"ఏంది నాయినా, మొన్నటి దాక ఏం లేదు గద," అంది దుర్గాభవాని.

"లోపలోళ్ళ సంగతి మనకేం ఎరుక బిడ్డా."

"మన మోటర్‌సైకిల్ మీద పోదాం."

"తోవల చెట్లు నరికి పడేసిన్రంట. నిన్ను ఎనక కూసోబెట్టుకొని నేనేడికి పోను?"

వంటింట్లోంచి వచ్చిన వరమ్మ సంగతి విని, బంద్ పెట్టినవాళ్ళకు శాపనార్థాలు పెట్టింది. "వాళ్ళ చేతులు పడిపోను. నా బిడ్డ నోటికాడి కూడు గుంజుకున్నరు."

భీమశంకరం తల వంచుకుని చెప్పులు విప్పాడు.

పోయినేడు ఇదే పరీక్షలో దుర్గాభవానికి మార్కులు బొత్తిగా తక్కువొచ్చాయి. రాయపూర్ కాదు కదా, ఎక్కడా సీటు రాలేదు. చిన్నప్పటి నుంచి బళ్ళో ముందుండే పిల్ల. భీమశంకరం కిరాణా కొట్టుకు ఉప్పుకీ పప్పుకీ వచ్చినవాళ్ళంతా ఊరికే పోకుండా తలా ఒక పరామర్శ చేసి పోయారు. మా మేనల్లుడికి మొదటిసారే వచ్చిందని ఒకావిడ పుండు మీద కారం చల్లింది. పిల్ల కంచం ముందు కూర్చుని, రెండు మెతుకులు కెలికి లేచిపోయేది.

ఒక సాయంత్రం ఇంట్లో కనబడలేదు. ఊరంతా వెతికి భీమశంకరం వాగు దగ్గరికి పోతే, తడిసిన తలతో నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉంది. ఇంటికి తీసుకొచ్చి, తన కండువాతోనే తల తుడిచాడు.

"మళ్ళ ఫారం నింపుదాం బిడ్డా. ఒక్క ఏడే గద," అన్నాడు.

కోంటాలో ఆన్‌లైన్ ఫారాలు నింపే చాయిస్ సెంటర్‌కు తీసుకెళ్ళి దగ్గరుండి నింపించాడు. అప్పటి నుంచి ఆమెకు పుస్తకమే లోకం. మొదట్లో ఫోన్లో మాదిరి పరీక్షలు రాసి, ఎన్ని మార్కులొచ్చాయో పరుగెత్తుకొచ్చి చెప్పేది. రానురాను చెప్పడం మానేసింది. ఫోను బోర్లించి, గోడవైపు తిరిగి పడుకునేది. పోయిన వారం ఎవరో స్నేహితురాలితో మాట్లాడుతుంటే భీమశంకరం చెవిన పడింది.

"ఈసారి గూడ పోయిందంటే ఇగ నేను ఎవ్వరికీ కనపడనే. మా నాయిన ముఖం ఎట్ల చూడాలె?"

ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆయనకు తిండి సయించలేదు. కొట్లో కూర్చున్నా మనసు వాగు దగ్గరే తిరిగేది.

తెల్లవారింది. భీమశంకరం షాపు తెరవలేదు. వీధివైపు కిటికీలు కూడా తీయనివ్వలేదు. ఎవరో తలుపు తడితే తనే వెళ్ళి, అడిగిన సబ్బు చేతిలో పెట్టి, గొంతు తగ్గించి ఏదో చెప్పి పంపేశాడు. దుర్గాభవాని నిన్న సర్దుకున్న బ్యాగు ఒళ్ళో పెట్టుకుని గోడ గడియారం కేసి చూస్తూ కూర్చుంది. పరీక్ష మొదలయ్యే వేళకు ఇక ఆగలేకపోయింది.

అది పోయినేటి ఏడుపు కాదు. అప్పుడు తనను తాను తిట్టుకుంటూ ఏడ్చింది. ఇప్పుడు లోకాన్ని తిడుతూ ఏడ్చింది.

"నాకు వచ్చేది నాయినా. ఈసారి సీటు వచ్చేది."

"వచ్చేది బిడ్డా." భీమశంకరం ఆమె పక్కన కూర్చున్నాడు. నిజంగానే వచ్చేదేమో. ఏడాది కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది. ఆ బాధ ఆయనకూ తక్కువేం లేదు. "ఇందుల నీ తప్పేం లేదు. రవ్వంత గూడ లేదు."

ఆమె ముక్కు తుడుచుకుని తండ్రి ముఖంలోకి సూటిగా చూసింది. చాన్నాళ్ళయింది అలా చూసి.

"వచ్చే ఏడు మళ్ళ నింపుదామా?"

"నింపుదాం."

పొద్దుగూకే వేళకు వరమ్మ పప్పన్నం కలిపి పెడితే కంచం ఖాళీ చేసింది. ఇంకొంచెం పెట్టమంది. వరమ్మ నెయ్యి వేస్తూ కళ్ళొత్తుకుంది. కూతురు కడుపునిండా తినడం చూసి, ఏడుపు ఆపుకోలేక, భీమశంకరం కండువా నోటికి అడ్డం పెట్టుకుని వీధి దాటి రోడ్డు మీదికి నడిచాడు.

కోంటా నుంచి జనాన్ని ఎక్కించుకొస్తున్న జీపు లక్ష్మణ్ ఆయన్ని చూసి బండి ఆపి, "అమ్మాయికి జ్వరం తగ్గిందా సేఠ్, మీరు రావద్దన్నరు గాని, జగదల్‌పూర్ బస్సు పొద్దుగాల టైముకే పోయింది," అన్నాడు.