సత్తమ్మను సాగనంపిన రోజు

“చెయ్యి వదులుగ పెట్టు బిడ్డా, లేకుంటే గాజు చిట్లుతది,” అంది జుబేదా.

సత్తమ్మ చెయ్యి వదులు చేసింది. పన్నెండేళ్ల పిల్ల చెయ్యి. ఎంత చిన్న గాజు తొడిగినా మోచేతి దాకా జారిపోతోంది. శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి గాజులమ్మే జుబేదా, ఏ చేతికి ఏ గాజు పడుతుందో చూపుతోనే చెప్పే మనిషి. ఈ రోజు రెండుసార్లు తప్పింది.

వెనక కూర్చుని తల్లి శివమ్మ తల దువ్వుతోంది. పొద్దున్నే పసుపు రాసి తలంటు పోసింది. పెద్దింటి నుంచి పంపిన కొత్త ఎర్రచీర కట్టించింది. చేసేవన్నీ పండుగ పనులే గానీ, చిక్కు తగిలిన చోటల్లా దువ్వెన గట్టిగా లాగుతోంది.

మొగుడు సిద్దిరాములు వంశంలో ఊరు విడిచి పోయినవాళ్లు లేరు. తాత ముత్తాతలు ఇక్కడే పుట్టి ఇక్కడే మట్టిలో కలిశారు. ఆడపిల్లనిచ్చినా కీసర దాటించి ఇచ్చింది లేదు. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి పుట్టింట్లో బువ్వ తినాలి, అంతే దూరం. అలాంటిది జర్మనీ లడాయి ముగిసిన ఈ ఏడు, సత్తమ్మను సిద్దిపేట అవతలికి, మూడు దినాల బండి బాట అంత దూరం పంపుతానని మాటిచ్చి వచ్చాడు మహానుభావుడు. పెళ్లాన్ని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు.

గడప దగ్గర చేరిన ఆడవాళ్లు తలా ఒక మాట అన్నారు.

“మస్తు పెద్దిల్లంట. దినాం వరి బువ్వనేనంట.”

“ఈడుంటే ఏమున్నది, జొన్న గట్క తాగుడే గద. పిల్ల నసీబు మంచిగున్నది.”

శివమ్మ దువ్వెన ఆపింది. “అంత మంచి నసీబైతే మీ పిల్లల్నే తోలున్రి,” అంది. ఆడవాళ్లు కొంగులు సర్దుకుని జారుకున్నారు.

వాళ్లు పోయాక జుబేదా గొంతు తగ్గించింది. “శివమ్మా, నేనిప్పుడు కౌకూర్ పోతున్న. నీ తమ్ముడు గాలయ్య ఆడనే మిల్ట్రీ గుర్రాలకు గడ్డి కోస్తడు గద. పిల్లకు నా బుర్ఖా ఏస్త. ఎవరన్న అడిగితే నా బిడ్డె అంట.”

“పట్టుకుంటే?”

“గాజుల గంప మోసేటిదాన్ని ఎవరు చూస్తరు?”

నెల రోజులుగా వెతుకుతున్న దారి శివమ్మకు ఇప్పుడు కనబడింది. కూతురి ముఖాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. “పో బిడ్డా. మామ దగ్గరుండు. ఈడ సంగతి నేను చూసుకుంట. నన్ను చంపినా సరే.”

సత్తమ్మ కదల్లేదు. వాకిట్లోకి చూసింది. అక్కడ ఎనిమిదేళ్ల చెల్లెలు పోశి మిగిలిన పసుపుముద్దను గోడకు పులుముతూ ఆడుకుంటోంది.

“నేను లేకుంటే దాన్ని తోలుకపోతరే అమ్మా. నాయినను అడిగిన. ఇంట్ల పిల్ల ఎవరైతేంది, ఒకలైతే పోవాల్నన్నడు.”

“ఇద్దరూ పోన్రి.”

“ఇద్దరం పోతే నాయినను ఊళ్లె బతకనిస్తరా?”

శివమ్మ కూతురి ముఖం మీంచి చేతులు తీసేసింది. పన్నెండేళ్ల పిల్లకు తట్టిన సంగతి తనకు తట్టలేదు. జుబేదా మిగిలిన గాజులు తొడిగి, గంప ఎత్తుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

సిద్దిరాములు వచ్చాడు. దగ్గరికి రాకముందే కల్లు వాసన వచ్చింది. “బండ్లు కట్టిన్రు. జల్దీ కానియ్యి.”

“కన్నబిడ్డను పంపనీకి నీకు మనసెట్లొచ్చిందయ్యా?”

“నాకు మనసు లేదనుకున్నవా? మాటిచ్చిన. ఇగ ఎనుకకు పోతే మనకు ఈ గుడిసె గూడ ఉండది,” అని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. శివమ్మకు జాలి కలగలేదు.

సన్నాయి వినిపిస్తున్న వైపు కూతురి చెయ్యి పట్టుకుని నడిచింది. దారి పొడుగునా చెబుతూనే ఉంది. “అందరికన్న ముందుగాల లెవ్వు. అందరు తిన్నంకనే తిను. తిట్టినా ఎదురు చెప్పకు. కండ్లల్ల నీళ్లు పెట్టుకోకు, చూస్తే ఇంకిన్ని తిడుతరు.” సత్తమ్మ ప్రతి మాటకూ తలూపింది. చెబుతున్న కొద్దీ శివమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఊరి చివర ఆరు బండ్లు వరసగా ఉన్నాయి. ఎడ్ల కొమ్ములకు రంగులు వేశారు. శివమ్మ బండ్ల పెద్దమనిషి ఎదుటికి వెళ్లి చేతులు జోడించింది.

“అయ్యా, బతుకమ్మకు మా పిల్లను తోలుతరా? మా ఆయనొచ్చి తీస్కపోతడు.”

“గది అక్కడోళ్ల ఇష్టం.”

“పోనీ, వచ్చే ఏడన్న?”

అతను ఆమెను ఎగాదిగా చూశాడు. “గంతగనం చూడాల్ననిపిస్తే మీరే రాన్రి. దూరంకెల్లి చూసి పోదురు.”

శివమ్మ జోడించిన చేతులు దించింది. మూడు దినాల బాట నడిచి వెళ్లి, కడుపున పుట్టినదాన్ని దూరం నుంచి చూసి రావడం. మాటిచ్చిన వాడి నాలుక తెగిపోతే బాగుండుననుకుంది.

“ఎక్కియ్యి, ఆఖరి బండి,” అన్నాడు అతను.

ఆ బండి నిండా ఇత్తడి బిందెలు, గంగాళాలు, పట్టెమంచం. వాటి మధ్య మిగిలిన జాగాలో సత్తమ్మ మోకాళ్లు ముడుచుకుని కూర్చుంది. బండ్లు కదిలాయి. సన్నాయి మేళం ముందు బండి వెంట పోయింది. శివమ్మ పొలిమేర దాకా ఆఖరి బండి వెనకే పరుగెత్తింది. తల్లి చెప్పినట్టే సత్తమ్మ కంట నీరు పెట్టలేదు.

పెళ్లి దొర బిడ్డది. సత్తమ్మ, బిందెలతో, మంచంతో పాటు ఆమెకు అరణంగా ఇచ్చిన దాసి.