ఊరికే దొరికిన సీటు

బస్‌స్టాపులో ఆ అమ్మాయి కళ్ళు తిరిగి కూలబడింది.

ఎవరో చెంబుతో నీళ్ళు తెచ్చి తాగించారు. ఆ మనిషి ముఖం చూసే ఓపిక కూడా లేదామెకి.

ఐదో నెల. మొదటి గర్భం నిలవలేదు. ఈసారి ఎక్కువసేపు నిలబడొద్దంది డాక్టరు. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని మానేస్తే ఇల్లు గడవదు. అక్కడికి బస్సులో నలభై నిమిషాలు.

మర్నాడు బస్సులో ఇసకేస్తే రాలనంత జనం.

"ఇలా వచ్చి కూర్చో తల్లీ. నా స్టాపొచ్చింది."

మూడో వరసలో కిటికీ పక్కనున్న పెద్దాయన లేచాడు.

ఆ మర్నాడూ అంతే. రోజూ అంతే. నక్కతోక తొక్కాననుకుంది. ఎలాగూ దిగిపోయే మనిషి, ఆయనకి పోయేదేముంది? థాంక్స్ కూడా చెప్పలేదు. 'కిటికీ బాబాయ్' అని పేరు మాత్రం పెట్టేసింది.

పొద్దున్నే ఆయన చొక్కా చెమటకి తడిసి ఉండేది. కుంటుకుంటూ దిగేవాడు.

"పనిలోకి వెళ్ళకముందే ఇంత అలిసిపోతే ఎలా బాబాయ్?"

"వయసమ్మా," అని నవ్వేవాడు.

ఒక్కరోజు రాలేదు. మర్నాడు ముఖం ముడుచుకుని అడిగింది.

"నిన్న ఏమైపోయారు? నిలబడి నిలబడి నడుం పడిపోయింది."

"జ్వరం తగిలింది తల్లీ. తప్పైపోయింది. ఇంక మాననులే."

దీనికి కూడా తప్పైపోయిందా, చాదస్తం కాకపోతే, అని నవ్వుకుంది.

పాప పుట్టింది. ఐదో నెల రాగానే, బాబాయ్‌కి చూపిద్దామని చంకనేసుకుని అదే బస్సెక్కింది.

ఆ సీట్లో ఇంకెవరో ఉన్నారు.

"కిటికీ బాబాయ్ ఏరక్కా?"

కండక్టరమ్మ టికెట్లు కొట్టడం ఆపింది. "పోయిన నెల కాలం చేశారమ్మా."

ఆమె పాపని గుండెకి హత్తుకుని ఆ సీటు వైపు చూసింది.

"మా స్టాపులోనే దిగేవారు కదా. ఎక్కడ పనిచేసేవారు? వాళ్ళకైనా పాపని చూపిస్తాను."

"పనేంటమ్మా? రిటైరై పదేళ్ళయింది. తెలిస్తే నువ్వు కూర్చోవని నాతో ఒట్టేయించుకున్నారు. ఇప్పుడు చెప్పొచ్చులే."

కండక్టరమ్మ పాప తల నిమిరింది.

"నువ్వెక్కే స్టాపు ఎదురుగా నీలం గేటు ఇల్లే ఆయనది. నువ్వక్కడ కళ్ళు తిరిగి పడ్డ మర్నాటి నుంచి రోజూ తెల్లారగానే డిపో దాకా నడిచొచ్చి, ఆ సీటు పట్టి, నిన్ను కూర్చోబెట్టి, దిగి ఇంటికెళ్ళిపోయేవారు."