ప్రస్థానం పెట్టె

"పెట్టి ఎక్కడ పెట్టమంటావు బావా?" అంటూ నీలకంఠం చెప్పులు విడిచి లోపలికొచ్చాడు.

కొత్త రెగ్జిన్ సూట్‌కేసు. తాళం లేదు గాని రెండు బెల్టులు బిగించి ఉన్నాయి. శ్రీరామ్మూర్తి దానివైపు ఒకసారి చూసి ముఖం తిప్పుకున్నాడు.

"దేవుడి గూటి కింద పెట్టు. తాళమెయ్యలేదేటి?"

"నీ ఇంట్లో తాళమేటి బావా!" అని నవ్వాడు నీలకంఠం.

అతను మంగళవారం ఢిల్లీ బండెక్కాలి. అక్కణ్ణించి మాస్కో. రష్యన్ నేర్పే మేష్టర్లకు అక్కడ పది వారాల శిక్షణ. తీరా చూస్తే మంగళవారం ఉత్తరానికి శూల అయింది, ఆ దిక్కుకు ప్రయాణం కూడని రోజు. అందుకని వాళ్ళమ్మ రామలక్ష్మమ్మ ఆదివారం పొద్దున మంచి ఘడియ చూసి, పెట్టెను ఇంకొకరింట్లో ప్రస్థానం పెట్టి రమ్మంది. మంచివేళకు సామాను గడప దాటితే మనిషి బయల్దేరినట్టే లెక్క. స్టేషనుకు పోతూ పోతూ దాన్ని తీసుకోవాలి. ఈలోగా తెరవకూడదు.

శ్రీరామ్మూర్తి భార్య ఆదిలక్ష్మమ్మ పెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టింది. "మీ బావక్కూడా ఇలాటి రోజొత్తే బాగుణ్ణు," అంది.

"వత్తాదక్కా," అన్నాడు నీలకంఠం. "శుక్రవారంలోగా ఢిల్లీలో ఒరిజినల్స్ సేతికియ్యాలి. లేకపోతే సీటు పోయినట్టే. ఆ భయమే నాకు."

అతను వెళ్ళిపోయాక శ్రీరామ్మూర్తి చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

పదేళ్ళు పోర్టులో ఓడ సరుకు లెక్క రాసే టాలీ క్లర్కుగా చేస్తూ, రష్యన్ ఓడలెక్కి దిగుతూ ఆ భాష నేర్చుకున్నాడు అతను. తర్వాత కిందా మీదా పడి డిప్లొమా పాసయ్యాడు. స్టీల్ ప్లాంటు కట్టడానికి రష్యన్లు దిగాక, ద్వారకా నగర్‌లో టైర్ల షాపు మీద మేడగది తీసుకుని ఇంజనీర్లకు సాయంకాలం క్లాసులు మొదలుపెట్టాడు. నీలకంఠం అక్కడికి శిష్యుడిగా వచ్చి, బావా అని వరస కలిపినవాడే. అక్షరాలు దిద్దించి, పక్కన కూర్చోబెట్టుకుని మేష్టర్ని చేసింది శ్రీరామ్మూర్తే. మాస్కోకి రెండే సీట్లన్నారు. ఒకటి హైదరాబాదాయన ఎగరేసుకుపోయాడు. రెండోది, బీయే ఉంది గనక, నీలకంఠానికి ఇచ్చారు. వెళ్ళొచ్చినవాడికి ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగం. ఆ తర్వాత ప్లాంటు వాళ్ళే క్లాసులు నడుపుకుంటారట, అంటే మేడగదికి తాళమే. శిక్షణకు నలభై అయిదేళ్ళు దాటకూడదు. శ్రీరామ్మూర్తికి వచ్చే నెల్లో నలభై అయిదు నిండుతాయి.

ఇవన్నీ దిగమింగుకునేవాడే. కాని పదిహేను రోజుల కిందట నీలకంఠం "ఫైల్లో పెట్టాల బావా" అని శ్రీరామ్మూర్తి సర్టిఫికెట్లన్నీ పట్టుకుపోయాడు. అడిగినప్పుడల్లా "ఇత్తాన్లే" అంటున్నాడు. తను ప్లాంటులో అర్జీ పెట్టుకోకుండా దాచేశాడని శ్రీరామ్మూర్తి తేల్చుకున్నాడు. అన్నం పెట్టిన చెయ్యే కరిచాడు వెధవ!

సోమవారం పొద్దున ఆదిలక్ష్మమ్మ బిందె తీసుకుని వీధి కుళాయికి వెళ్ళింది. కంచరపాలెంలో కుళాయి దగ్గర గంటకు తక్కువ పట్టదు.

శ్రీరామ్మూర్తి తలుపు గడియ పెట్టి బెల్టులు విప్పాడు. స్వెట్టరు, ఉన్ని మేజోళ్ళు, ఆవకాయ సీసా. అన్నిటికీ అడుగున దళసరి గోధుమరంగు కవరు, నాలుగువైపులా అంటించి ఉంది. సీట్లిచ్చే ఢిల్లీ ఆఫీసు అడ్రసు నీలకంఠం చేతిరాతతో ఉంది. మూలన ఎర్ర పెన్సిలుతో 'ఒరిజినల్స్' అని రాసుంది.

చించి చూడలేదు. ఒకరి ఉత్తరం చదవడం తప్పని నలుగురికి చెప్పే మేష్టరాయన. పెరట్లోకి తీసుకెళ్ళి వేణ్ణీళ్ళ పొయ్యిలో పెట్టాడు. దళసరి కాగితాలు ఓ పట్టాన అంటుకోలేదు. పుల్లతో కుళ్ళగిస్తుంటే మనసు చల్లబడింది. ఆ చల్లదనానికి అతనికే సిగ్గేసింది. అయినా ఆగలేదు.

ఆదిలక్ష్మమ్మ వచ్చేసరికి పెట్టె బెల్టులు బిగించేసి ఉన్నాయి.

"ఏటది, కాగితాలు కాలిన వాసన?"

"పాత నోట్సు. ఇంకెందుకవి?"

ఆవిడ జాలిగా చూసి బిందె దించింది.

మంగళవారం పెట్టెను శ్రీరామ్మూర్తే వాల్తేరు స్టేషనుకు మోసుకొచ్చాడు. నీలకంఠం వద్దన్నా వినలేదు. సీటు కింద తోసి, ప్లాట్‌ఫారం మీదికి దిగి కిటికీ దగ్గర నిలబడ్డాడు.

"కాగితాలన్నీ జాగర్తేనా?" అడగకుండా ఉండలేకపోయాడు.

నీలకంఠం చొక్కా ఎత్తి నడుముకు కట్టుకున్న గుడ్డసంచి చూపించాడు. "పాస్‌పోర్టు, సర్టిఫికెట్లు, సెలక్షన్ ఆర్డరు, అన్నీ ఇందులోనే. అమ్మ కుట్టిచ్చింది. తానం సేసినప్పుడు తప్ప తియ్యను."

శ్రీరామ్మూర్తి కిటికీలోంచి సీటు కింది పెట్టెవైపు చూశాడు. బండి కూత వేసి కదిలింది.

"మరి పెట్టిలో ఆ కవరు..." అనేశాడు.

"సూసీసినావేటి!" నీలకంఠం పకపకా నవ్వాడు. "పని అయ్యేదాకా నీకు సెప్పకూడదనుకున్నాను. పోస్టులో అయితే టైముకి అందదని నానే పట్టుకెల్తన్నాను. మంచి గడియకి గడప దాటాలని నా కాగితాలు కూడా పక్కనెట్టి దాన్నే పెట్టిలో పెట్టినాను."

శ్రీరామ్మూర్తి కిటికీ చువ్వ పట్టుకుని బండితోపాటు నడిచాడు, తర్వాత పరిగెత్తాడు. "ఏటున్నాయిరా అందులో?"

"హైదరాబాదాయన మానీసిన సీటుకి నీ సర్టిఫికెట్లు బావా!"